పదకొండు పాయింట్ అరవై ఆరు

పూర్ణా మార్కెట్ వెనక, వెల్లుల్లి బస్తాల సందులో
శిలగం దాలయ్య దుకాణం.
దుకాణమంటే ఒక బల్ల, ఒక త్రాసు, గుడ్డ కప్పిన రేకు పెట్టె.
పక్కకొట్టు ఎండుమిరప ఘాటుకి
బేరానికొచ్చినవాళ్లు తుమ్ముతూ అంకె మర్చిపోయేవారు.
అదే నా పెట్టుబడి అనేవాడు.

నాన్న డ్రెడ్జర్ మీద పంపు దగ్గర మనిషి.
ఒకసారి హార్బర్ కాలువ బురదతో పాటు
పైకొచ్చిందొక రూపాయి,
బొగ్గుముక్కలా నల్లగా, తడిగా.
లుంగీ మడతలో కట్టి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.
నాకు పదకొండేళ్లు.
చింతపండు, బూడిద, ఆఖరికి పళ్లపొడి.
అక్షరాల సందుల్లో మట్టి పోలేదని పిన్నీసు.
సాయంత్రానికి గడ్డం రాజు
కొత్త స్టీలు గిన్నెలా మెరిశాడు,
చెవి కింద చిన్న గీతతో.

దాలయ్య అంచులు పట్టుకుని తిప్పి చూశాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"తోమీసావేటే గుంటా" అన్నాడు,
ఎవరో పోయిన ఇంట్లో మాట్లాడినట్టు.
"నలుపంటే మురికనుకున్నావేటి. అది దాని తోలు. ఒలిచీసావు."
వెండి ధర లెక్కగట్టి చేతిలో పెట్టి, టీ తాగించి,
రేపట్నుంచి బడయ్యాక రమ్మన్నాడు.

అలా నేర్చుకున్నాను.
నాణేన్ని ముఖం మీద ముట్టుకోకూడదని.
గోటి మీద నిలబెట్టి మీటితే
వెండి మాట ఆగాక కూడా కాసేపు వినబడుతుందని,
తగరం నోట్లో ముద్ద పెట్టుకున్నవాడిలా మాట్లాడుతుందని.
అంచు గాట్ల మధ్య అతుకు కనబడితే
అది టంకశాలలో కాదు, మూసలో పుట్టిందని.

మల్కాపురం వైపు నుంచి గాలి తిరిగిన రాత్రుల్లో
రిఫైనరీ వాసనకి మనం ముక్కులు మూసుకుంటాం.
వెండి ఆ గంధకాన్ని నెమ్మదిగా తాగుతుంది.
ముందు తేనె రంగు, తర్వాత వంకాయ తొక్క,
ఏళ్లు పోతే పావురం మెడ.
దాలయ్య వారానికోసారి పెట్టె మూత తీసి ఉంచేవాడు,
ఊరి గాలి కాస్త తగలనీ అని.
ఉడికిన గుడ్డు పచ్చసొనతో డబ్బాలో మూసి
ఒక్క రాత్రిలో ఆ రంగు తెప్పించేవాళ్లూ ఉన్నారు.
అది జాతరలో పులివేషం. పైపైనే.

పద్దెనిమిదేళ్లు.
దాలయ్య కళ్లకి పొర కమ్మింది, భూతద్దం నా చేతికొచ్చింది.
మొన్న శ్రావణంలో గోపాలపట్నం నుంచి ఎర్రునాయుడు వచ్చాడు,
సంచి విప్పి బల్ల మీద పోశాడు.
నలభై రూపాయలు.
పునాది తవ్వితే దొరికాయని ఎవరో చెబితే
ఆటో అమ్మి కొన్నాడట.

నల్లగా, బురద వాసనతో, నమ్మేలాగే ఉన్నాయి.
మొదటిది త్రాసులో వేశాను. ఎనిమిది పాయింట్ నాలుగు.
పదకొండు పాయింట్ అరవై ఆరు ఉండాలి.
రెండోది. మూడోది.
అయిదోది భూతద్దం కింద పెట్టి ఆగిపోయాను.
రాజు చెవి కింద గీత.
మళ్లీ మొదటిది తీశాను. గీత. పదోది. గీత.
"నలభై మంది రాజులకీ ఒక్కచోటే పుట్టుమచ్చేటే?"
దాలయ్య నవ్వాడు.

ఆ గీత నాకు తెలుసు.
కింద వెడల్పు, పైన సన్నం, చివర చిన్న వంపు.
పిన్నీసు జారి నా బొటనవేలిలో దిగిన చోటు.
దాలయ్య నా రూపాయిని ఎవరికమ్మాడో,
అక్కణ్నుంచి ఎవడి చేతిలో పడిందో,
ఎవడు మట్టిలో నొక్కి అచ్చు తీశాడో.
నా పదకొండేళ్ల తొందర
తగరంలో నలభైసార్లు పుట్టి వెతుక్కుంటూ వచ్చింది.

ఎర్రునాయుడు టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగకుండా.
"బాగా కడిగితే ఏటైనా తేల్తాదా తల్లీ?"
కడగొద్దని చెప్పడానికి
మొదటిసారి నాకు నోరు రాలేదు.

ఒకటి నేను కొన్నాను. వెండి ధరకి.
నోట్లు లెక్కపెట్టే చప్పుడు
దాలయ్య చెవిన పడే ఉంటుంది.
తల అటు తిప్పుకుని
గట్టిగా తుమ్మాడు,
అంకె మర్చిపోయినవాడిలా.